అల్లుడికి, మళ్ళీ ఇల్లు కట్టే ముందు

అల్లుడూ,

నిన్న ఫోన్లో నువ్వు అడిగిన మాటతో రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. "మామయ్యా, ఇక మన ఊరు ఉంటుందా, లేకపోతే ఉన్న డబ్బుతో బరంపురం పోయి గది అద్దెకి తీసుకోమంటావా" అన్నావు. మొన్నటి తుఫానుకి కూలిన గోడ ముందు నిలబడి అడిగినవాడికి ఫోన్లో ఏదో ఒకటి చెప్పేయడం నాకు నచ్చలేదు, అందుకే రాస్తున్నాను.

మన ఊరికి ముందు సముద్రం, వెనక ఏరు, వానల్లో రోడ్డు మునిగితే పడవే గతి. పేరుకి కాదు గానీ లంకే. ఒడిశాలో గంజాం తీరం వెంట ముప్పై ఏళ్ళకి పైగా తాపీ పని చేశాను, 1999 తుఫానుల తర్వాతా 2013లో ఫైలిన్ తర్వాతా పడిన ఇళ్ళు తిరిగి కట్టాను. ఊరు నిలబడుతుంది. ఉన్నచోటే, ఉన్నట్టే మాత్రం నిలబడదు.

రామేశ్వరం వెళ్ళినప్పుడు ధనుష్కోటి చూశాం కదా, కప్పు లేని చర్చి గోడలు. 1964 డిసెంబర్ 22 రాత్రి ఉప్పెన వచ్చి రైలుని కూడా మింగేసింది. అదే తుఫానుకి, ఆ దీవిని ఒడ్డుకి కలిపే పాంబన్ రైలు వంతెనా విరిగింది, దాన్ని 46 రోజుల్లో బాగుచేశారు. ఒకే దీవి, ఒకే గాలి. రామేశ్వరానికి యాత్రికులు వెళ్ళాలి కాబట్టి వంతెన లేచింది. ధనుష్కోటి బతుకంతా సిలోన్‌కి, అంటే శ్రీలంకకి పోయే స్టీమరు మీద, ఆ స్టీమరు రామేశ్వరానికి మారిపోయింది, నివాసానికి పనికిరాదని ప్రభుత్వమూ ప్రకటించేసింది, ఇక ఆ ఊరిని ఎత్తేవాళ్ళు లేకపోయారు. జాలర్లు మాత్రం ఇప్పటికీ అక్కడ పాకలేసుకుని ఉంటున్నారు, వాళ్ళ పని అక్కడే ఉంది గనక. అందుకే నిన్ను మొదట అడిగేది ఇల్లు గురించి కాదు, చేపల వేట గురించి. నీ పడవ, ఇంజను, వలలు బాగున్నాయా? ముందు వాటి మీద పెట్టు డబ్బు. ఇల్లు ఆర్నెల్లు ఆగినా ఫర్వాలేదు.

మీ కుర్రాళ్ళంతా సముద్రానికి అడ్డంగా రాతి గోడ కట్టమని అర్జీ పెడుతున్నారట. పెట్టండి, కానీ ఒకటి తెలుసుకోండి. అమెరికాలో గాల్వెస్టన్ అని ఒక లంక పట్నం ఉంది, 1900 సెప్టెంబర్‌లో తుఫాను వచ్చి ఆరువేలకి పైగా జనం పోయారు. వాళ్ళు 17 అడుగుల ఎత్తున గోడ కట్టి ఊరుకోలేదు, ఇళ్ళనీ చర్చినీ కూడా జాకీలతో పైకెత్తి, కిందకి ఇసుక నీళ్ళు పంపు చేసి, ఊరి నేలనే లేపారు. ఏళ్ళ తరబడి జనం చెక్కల మీద నడిచారు. 1915లో మళ్ళీ పెద్ద తుఫాను వస్తే ఊళ్ళో ప్రాణనష్టం చాలా తక్కువ. కానీ గోడ ముందున్న ఇసుక చాలావరకు పోయింది, ఓడల వ్యాపారంలో పెద్దభాగం హ్యూస్టన్‌కి పోయింది. వాళ్ళకి ఓడలకి రేవుంటే చాలు, మనకి పడవ లాగడానికి ఇసుక కావాలి. ఆ ఇసుక పోతే ఏం చేస్తామో అర్జీ రాసేటప్పుడే ఆలోచించండి.

ఇక నీ ఇల్లు. ముందు వరుసలో కట్టొద్దు. మా అక్క, అదే మీ అమ్మ, అక్కడే పుట్టి పెరిగింది, బాధపడుతుంది, నాకూ బాధే. కానీ రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట పొడంపేట ఊరు చూశాం, సముద్రం ఒక్కో వరుసే తినుకుంటూ వచ్చింది, చివరికి జనాన్ని లోపల కొత్త కాలనీకి మార్చాల్సొచ్చింది. నువ్వు సరుగుడు తోట వెనక మీ పెదనాన్న జాగాలో కట్టు. పాత జాగాలో మొగలి నాటు, ఇసుక పట్టుకుంటుంది, పువ్వుకి అత్తరు బట్టీలవాళ్ళు డబ్బిస్తారు. పట్టా కాగితం మాత్రం పారేయకు.

ఇసుక సంగతి గట్టిగా చెప్తున్నా. ఫైలిన్ తర్వాత ఒక ఇంట్లో విరిగిన స్తంభం చూశాను, లోపల పన్నెండు ఎంఎం ఊచ పెన్సిల్ ములుకంత సన్నబడి, చుట్టూ ఎర్రటి పొరలు పొరలుగా తుప్పు. సిమెంటు పెళ్ళ ఒకటి నాలిక మీద పెట్టి చూస్తే ఉప్పగా ఉంది. ఇంటి ముందే ఊరికే దొరుకుతుందని సముద్రపు ఇసుక తట్టలతో మోసి కలిపారు. గాలి కూల్చిందన్నారు గానీ ఆ ఇల్లు కట్టిన రోజునే సగం కూలింది. ఏటి ఇసుక కొను, బావినీళ్ళు ఉప్పగా ఉన్నన్నాళ్ళు వాటితో కలపనివ్వకు, ట్యాంకరు తెప్పించు. ఉప్పు పోతుందని మోటారు పెట్టి బావిని అదేపనిగా తోడకండి, అడుగునున్న ఉప్పునీరు పైకొస్తుంది. నాలుగు వానలు పడనివ్వండి.

స్లాబుకి డబ్బు సరిపోకపోతే రేకులే వెయ్యి, కానీ నాలుగు వైపులా వాలు పెట్టించు, వరండా కప్పు ఇంటి కప్పుకి కలపకు, అది లేచిపోతే ఇల్లంతటినీ లాక్కుపోతుంది.

ఇంత చేసినా హెచ్చరిక రాగానే షెల్టరుకి పోవాల్సిందే. 1999 మహా తుఫానుకి ఒడిశాలో దాదాపు పదివేల మంది పోయారు. ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటినా పోయినవాళ్ళు పదుల్లోనే, పది లక్షల మంది దాకా ముందే ఖాళీ చేశారు కాబట్టి. పడవ దగ్గర కాపలా ఉంటానని ఈసారి మొండికేయకు.

ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తాను. టేపు, దారం నేను తెస్తాను, నువ్వు పెదనాన్న జాగాలో ముళ్ళు కొట్టించి ఉంచు. మొన్న నీళ్ళు ఎంత ఎత్తుకొచ్చాయో ఆ గోడ మీద గీత చెరిగిపోకముందే బొగ్గుతో గుర్తు పెట్టు, పునాది దానికన్నా రెండడుగులు పైకి పోయిద్దాం.

మామయ్య