వేరేవాళ్ళ నంబరు వేసుకోకు, శిరీషా

శిరీషా,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, నీ మేనకోడలు లండన్ మారథాన్ పరిగెడుతుందట, నలభై రెండు కిలోమీటర్లట, నువ్వైనా చెప్పు దానికి" అని గోల పెట్టింది. సరే చెప్తాలే అని పెట్టేశాను కానీ, ఆ పూటంతా నా కాళ్ళు నేల మీద లేవు. మీ అమ్మ గుడివాడలో ఏడో తరగతి చదివేటప్పుడు పరుగుపందెంలో ఫస్టొచ్చి స్టీలు గ్లాసు తెచ్చుకుంది తెలుసా? దాని మీద చుక్కలు చుక్కలుగా తన పేరు కొట్టించుకుంది కూడా. మరుసటి ఏడు మీ తాతయ్య పందేలకి పంపలేదు, ఆ గ్లాసులో మాత్రం రోజూ మజ్జిగ తాగేవాడు. అది నీకు ఎప్పుడూ చెప్పి ఉండదు.

రాత్రి నీ వాయిస్ మెసేజ్ మళ్ళీ విన్నాను. మొదటిసారి సగం విని మురిసిపోయాను, చివరి ముక్క పట్టించుకోలేదు. బ్యాలెట్‌లో, అదే చోట్లు పంచే లాటరీలో, నీకు రాలేదు, ఆఫీసులో ఒకమ్మాయికి వచ్చింది, తనకి మోకాలు బాగాలేదు కాబట్టి పరుగులో చొక్కాకి పెట్టుకునే తన నంబరు కాగితం నీకిస్తానంది, అదీ కథ. ఇంక నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు రాలేదని ఏడవడం ఆపు. 2026 పరుగు బ్యాలెట్‌కి దరఖాస్తు పెట్టింది 11,33,813 మంది. 2025లో మొత్తం పరుగు పూర్తి చేసినవాళ్ళు 56,640. ఉన్న చోట్లన్నీ బ్యాలెట్‌కే ఇచ్చేసినా ఇరవై మందిలో ఒకరికి వస్తుంది, అలా ఇవ్వరు కదా, అందులో చారిటీల వాటా, క్లబ్బుల వాటా, వేగంగా పరిగెత్తేవాళ్ళకి గుడ్ ఫర్ ఏజ్ కోటా (అది మన వంశానికి కాదులే), అన్నీ పోగా మిగిలింది బ్యాలెట్. మొదటిరోజు పెట్టావా చివరిరోజు పెట్టావా అన్నది లెక్కలోకే రాదు, ఉత్త లాటరీ. రాకపోయినా రుసుము విరాళంగా ఇచ్చేస్తానని ముందే ఒప్పుకుంటే రెండో డ్రాలోనూ పేరు వేస్తారు, వచ్చే ఏడు ఆ గడిలో టిక్ పెట్టు.

మా రోజుల్లో ఒక మంచి నియమం ఉండేది. వరసగా ఐదుసార్లు రాకపోతే ఆ తర్వాత చోటు ఖాయం. తర్వాత ఎత్తేశారు. నాకు 2004 నుంచీ ఏటా "క్షమించండి" అంటూ ఒక పత్రిక పోస్టులో వచ్చేది, దాన్ని చూస్తే చాలు మీ అత్తయ్య నవ్వు ఆపుకునేది కాదు. 2007కీ రాలేదు, అది నాలుగోసారి. ఇంకొక్కసారి ఓర్చుకుంటే అయిపోయేది. యాభై ఏళ్ళొచ్చాయి, ఈ ఏడు పరిగెత్తకపోతే ఇంకెప్పుడు అని ఒకటే ఆత్రం. అప్పుడే మా వీధిలో ఉండే స్నేహితుడికి మడమ దెబ్బతింది. "నా నంబరు వృథాగా పోతోంది, నువ్వు వేసుకో" అన్నాడు. పాపం మంచి మనసుతోనే అన్నాడు, మీ ఆఫీసు అమ్మాయిలాగే. ఫోటో గుర్తింపు చూపిస్తే తప్ప నంబరు ఇవ్వరని తనే కుంటుకుంటూ లెస్టర్ నుంచి లండన్‌లో నంబర్లు పంచే ఎక్సెల్ అనే ఎగ్జిబిషన్ హాలు దాకా వెళ్ళి తెచ్చాడు. పరుగు సమయం లెక్కకట్టడానికి బూటు లేసుకి కట్టుకునే చిప్పు కూడా తన పేరునే.

నంబరు కాగితం వెనకవైపు చూశావా ఎప్పుడైనా? పేరు, ఏమేం జబ్బులున్నాయి, ఏ మందులు వాడతారు, ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఇవన్నీ పెన్నుతో రాసుకోవాలి. మా వాడు బుద్ధిమంతుడు, నంబరు చేతికి రాగానే ఎక్సెల్‌లోనే నింపేశాడు. షుగర్, ఇన్సులిన్, భార్య ఫోన్ నంబరు. నేను ముందువైపే చూసుకుని మురిసిపోతూ నాలుగు పిన్నులు పెట్టుకున్నాను.

ఆ ఏప్రిల్ 22 లండన్‌కి మామూలు ఎండ కాదు. మాకు విజయవాడ ఎండలు తెలుసులే, ఇదేం ఎండ అనుకున్నాను, అదొక పొగరు. చలికాలమంతా చలిలో సాధన చేసిన ఒంటికి ఆ వేడి వేరేగా తగులుతుందని తెలియలేదు. టవర్ బ్రిడ్జి మీద మీ అత్తయ్యకి చెయ్యి ఊపాను, బాగానే ఉన్నాను. పద్దెనిమిదో మైలు దాటాక కెనరీ వార్ఫ్ మేడల మధ్య ఒళ్ళంతా చెమట ఆగిపోయి వణుకు పుట్టింది. ఆ తర్వాత గుర్తున్నది ఆకుపచ్చ బట్టల్లో ఒక సెయింట్ జాన్ అంబులెన్స్ (ప్రథమ చికిత్స చేసే సంస్థ) అమ్మాయి నన్ను ఎవరి పేరుతోనో పిలవడం. ఎవరిని పిలుస్తోందా అని చూస్తున్నాను, నన్నే.

కాగితం తిప్పి చూసి నాకు షుగర్ అనుకున్నారు. ముందు వేలు గుచ్చి చూశారు కాబట్టి సరిపోయింది. నాకు పెన్సిలిన్ పడదు, ఆ ముక్క ఆ కాగితం మీద లేదు, చెప్పడానికి నాకు నోరు రాదు. నా ఫోను బట్టల సంచీలో, సంచీ సామాన్లు మోసే లారీలో. వాళ్ళు రాసి ఉన్న నంబరుకి చేశారు. ఆవిడ లెస్టర్‌లో వంటింట్లో ఉంది. మొగుడు ఫోను ఇంట్లో వదిలేసి బయటికెళ్ళాడు. "మీ ఆయన పడిపోయాడు, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం" అని చెప్పారు. అతను పాల డబ్బా పట్టుకుని ఇంటికొచ్చేదాకా నలభై నిమిషాలు ఆవిడ ఏం పడిందో ఆవిడకే తెలుసు. ఆ తర్వాత నాతో మామూలుగా మాట్లాడటానికి ఆవిడకి రెండేళ్ళు పట్టింది, తప్పు నాదే కాబట్టి నేనేమీ అనుకోలేదు.

ఇటు మీ అత్తయ్య. పరుగు అయ్యాక మనవాళ్ళని కలుసుకోడానికి హార్స్ గార్డ్స్ దగ్గర ఎ నుంచి జెడ్ దాకా అక్షరాల బోర్డులు పెడతారు. మా ఇంటిపేరు మొదటి అక్షరం కింద పులిహోర డబ్బా పట్టుకుని నిలబడింది. ఫోన్ చార్జింగ్ అయిపోయింది. సాయంత్రం ఆరింటికి బోర్డులు పీకేస్తుంటే కూడా అక్కడే ఉంది. "ఆ డబ్బా మూత ఎన్నిసార్లు తీసి పెట్టానో" అని ఇప్పటికీ అంటుంది.

కాబట్టి ఆ అమ్మాయితో చెప్పు, నంబరు నీకివ్వక్కర్లేదు, బ్యాలెట్‌లో వచ్చిన చోటు వచ్చే ఏడుకి వాయిదా వేసుకోవచ్చు, అప్పుడు రుసుము మళ్ళీ కట్టుకోవాలి అంతే. నంబరు చేతులు మార్చినట్టు తేలితే ఇద్దరినీ తర్వాత రానివ్వరు, అది వేరే సంగతి. వాట్సాప్ గ్రూపుల్లో నంబరు అమ్ముతామనేవాళ్ళ జోలికి అసలే పోకు.

ఇంకా దారులున్నాయి. చారిటీ చోటు తీసుకోవచ్చు, కానీ ఆ సంస్థకి విరాళాలుగా రెండు వేల పౌండ్లు, పైన కూడా పోగు చెయ్యాలి, చెయ్యలేకపోతే ఏమవుతుందో సంతకం పెట్టే ముందు ప్రతి లైనూ చదువు. (మన తెలుగువాళ్ళ ఉగాది పండక్కి ఇడ్లీ స్టాల్ పెడదామంటే నేను రెడీ, పచ్చడి బాధ్యత మీ అత్తయ్యది.) నాకు నచ్చే దారి మాత్రం క్లబ్బు. ఇంగ్లండ్ అథ్లెటిక్స్‌లో చేరిన చిన్న క్లబ్బులకి సభ్యులని బట్టి ఒకటో రెండో చోట్లు వస్తాయి, వాళ్ళలో వాళ్ళు చీటీలు తీసుకుంటారు. పదకొండు లక్షల మందితో పోటీ కంటే యాభై మందితో పోటీ నయం కదే. పైగా చీకట్లో ఒక్కదానివే పరిగెత్తే పని ఉండదు, అసలు నా భయం అది. ఇవేవీ కుదరకపోతే మాంచెస్టర్, బ్రైటన్ ఉన్నాయి, డబ్బు కడితే చోటు దొరుకుతుంది, పరిగెత్తే దూరం కూడా అదే. హైదరాబాద్ మారథాన్ అయితే ఫ్లైఓవర్లు ఎక్కీ దిగీ నీ పని అయిపోతుంది, మీ అమ్మ మాత్రం వచ్చి చూస్తుంది.

నేను 2009లో నా చోటుతో, నా పేరుతో పరిగెత్తాను. చొక్కా మీద మీ అత్తయ్య ఇస్త్రీ పెట్టెతో అక్షరాలు అంటించింది, దారి పొడుగునా జనం "కమాన్ మర్టీ" అని అరిచారు. మూర్తిని మర్టీ చేసినా సరే, అది నేనే. ఐదు గంటల నలభై నిమిషాలు పట్టింది, నవ్వకు.

నువ్వు ఉండేది హౌన్‌స్లోలోనే కాబట్టి బుషీ పార్క్ దగ్గరే. ప్రతి శనివారం పొద్దున తొమ్మిదింటికి అక్కడ అయిదు కిలోమీటర్ల పార్క్‌రన్ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, లాటరీ లేదు. అసలు పార్క్‌రన్ 2004లో మొదలైందే అక్కడ. ఈ శనివారం మేమిద్దరం వస్తున్నాం. అక్కడ కూడా నీ బార్‌కోడ్ ప్రింట్ తీసుకునిరా, దాని మీద ఆపదలో పిలవాల్సిన నంబరు ఉంటుంది. మీ అమ్మది పెట్టకు, విజయవాడలో కూర్చుని అది ఫోనెత్తి ఏం చేస్తుంది? నాది పెట్టు.

అత్తయ్య పులిహోర తెస్తోంది. పరిగెత్తాకే తిను.

మీ మావయ్య