తేదీని ముక్కలు చేసే ముందు

అమ్మాయ్,

నీ ఫైలు చూశాను. తేదీ, సమయం కలిసి ఉన్న కాలమ్‌ని ఉన్నదున్నట్టే గ్రూప్ చేశావు. సెకన్లతో సహా ఏ రెండు విలువలూ కలవవు కాబట్టి ఒక్కో గ్రూపులో ఒక్కో వరుసే మిగిలింది. ముక్కలు చేయాల్సిందే. కానీ ఏ ముక్క కావాలో నీ ప్రశ్న చెప్పాలి. రద్దీ ఎప్పుడన్నది ప్రశ్నయితే గంట చాలు, సెలవురోజున తేడా ఉందా అంటే వారంలో ఏ రోజో కావాలి. (మనకు వారమంటే సోమవారమూ, ఏడు రోజులూ కూడా. కాలమ్‌కి పేరు పెట్టేటప్పుడు జాగ్రత్త.) నేనూ ఒకప్పుడు పదిహేను కాలమ్‌లు తీసి, చివరికి రెండే వాడాను.

అసలు కాలమ్‌ని మాత్రం ముట్టుకోకు. సమయం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) ఉంటే, గంట తీయకముందే స్థానిక సమయంలోకి మార్చు. 03/04 లాంటివి కనబడితే రోజు ముందా, నెల ముందా? మొదటి అంకె 12 దాటిన వరుస ఒక్కటి దొరికినా తేలిపోతుంది, ఫైలంతా ఒకే పద్ధతిలో ఉంటేనే అనుకో.

అసలు చిక్కంతా హద్దుల దగ్గరే. ఒకసారి పాండాస్‌లో (పైథాన్‌లో పట్టికల పని చేసే లైబ్రరీ), అంకెల్ని బిన్‌లుగా, అంటే హద్దుల మధ్య భాగాలుగా, విడగొట్టే కట్ ఫంక్షన్‌కి 0, 6, 12, 18, 24 అని హద్దులిచ్చి రోజుని నాలుగు భాగాలు చేశాను. అర్ధరాత్రి రికార్డులన్నీ ఖాళీగా వచ్చాయి. డేటాలోనే లోపమనుకుని ఒక పూటంతా టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే, అది మామూలుగా ఎడమ హద్దును వదిలేసి కుడి హద్దును కలుపుకుంటుంది. అందుకే 0 ఏ బిన్‌లోనూ పడలేదు, పొద్దున 6 గంటలవాళ్లు తెల్లవారుజాములో కలిసిపోయారు. రైట్ అన్న ఆప్షన్‌ని ఫాల్స్ చేస్తే సరిపోయింది. అలాగని 00:00 దగ్గర కుప్పలుగా కనబడ్డా నమ్మకు. సమయం రాయని తేదీలకు సాఫ్ట్‌వేర్ పెట్టిన సున్నాలు కావచ్చు.

సోమవారం పాండాస్‌లో 0. ఎక్సెల్ వీక్‌డే ఫంక్షన్‌లో, మనం మార్చకపోతే, ఆదివారం 1, సోమవారం 2. రెండు చోట్లా పనిచేస్తావు కాబట్టి అంకెలు వద్దు, పేర్లే రాయి. ఐఎస్ఓ వారం సంఖ్య (ఏడాదిలో ఎన్నో వారమో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం) వాడితే ఏడాది కూడా ఐఎస్ఓదే తీసుకో. 2024 డిసెంబర్ 30 ఆ లెక్కలో 2025 మొదటి వారం!

డేటా నుంచి నేర్చుకుని అంచనా వేసే మోడల్‌కి గంటను అంకెగా ఇస్తే, గంటే తేడా ఉన్న 23కీ 0కీ మధ్య ఎంతో దూరమనుకుంటుంది. ఆ సంగతి తర్వాత చూద్దాం.

ఉదయం, మధ్యాహ్నం అని ఇప్పుడే బిన్‌లు గీయకు. ముందు 24 గంటల లెక్క గ్రాఫ్ వేసి పంపు. ఎత్తుపల్లాలు ఎక్కడున్నాయో చూసి హద్దులు అక్కడ పెడదాం.

ఆశీస్సులతో,
మామయ్య