పాత స్పోర్ట్స్ కూపేకి (రెండు డోర్ల కారుకి) కొత్త పర్ఫార్మెన్స్ టైర్లు ఎలా ఎంచుకోవాలి?

ముందు డ్రైవర్ డోర్ తీసి, ఫ్రేమ్ మీద అంటించిన స్టిక్కర్ చూడండి. కంపెనీ ఇచ్చిన సైజు, గాలి ఒత్తిడి అక్కడే ఉంటాయి. కొన్ని కూపేలకు వెనక టైర్లు ముందువాటికన్నా వెడల్పుగా ఉంటాయి, ఆ తేడా అలాగే ఉంచాలి.

పాత కార్లతో వచ్చే చిక్కు ఏమిటంటే, 16 అంగుళాల్లో మంచి టైర్లు ఇప్పుడు తక్కువ. 225/50ఆర్16 (వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 50 శాతం, రిమ్ము 16 అంగుళాలు) దొరక్కపోతే 17 అంగుళాల రిమ్ముకి 225/45ఆర్17 వేయొచ్చు. మొదటిదాని మొత్తం ఎత్తు 631 మిల్లీమీటర్లు, రెండోదానిది 634. స్పీడోమీటర్‌కి ఆ తేడా లెక్కలోకి రాదు. రిమ్ము మాత్రం బ్రేకులకీ ఫెండర్‌కీ తగలకూడదు.

స్పీడ్ రేటింగ్ (టైరు తట్టుకోగల గరిష్ఠ వేగం), లోడ్ ఇండెక్స్ (అది మోయగల బరువు) కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు. 'వి' అంటే గంటకు 240 కిలోమీటర్లు, 'డబ్ల్యూ' అంటే 270.

ట్రెడ్‌వేర్ (టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె) 200 ఉన్న టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది కానీ తొందరగా అరిగిపోతుంది. రోజూ నడిపే కారుకి 300 చుట్టుపక్కల ఉన్నది మేలని నా అభిప్రాయం. చలి 7 డిగ్రీల కిందకి పడిపోయే చోట సమ్మర్ టైర్లు గట్టిపడి జారతాయి, అక్కడ ఆల్ సీజన్ తీసుకోండి.

కొనేముందు టైరు పక్క గోడ మీద ఉండే డాట్ (DOT) కోడ్‌లోని చివరి నాలుగు అంకెలు తప్పకుండా చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. అంత పాతది ఎంత తగ్గించి ఇచ్చినా వద్దనండి. సస్పెన్షన్ బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కలు) అరిగి ఉంటే ముందు అవి మార్పించి, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించండి. లేకపోతే కొత్త టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి.