ప్రళయం తర్వాత మిగిలేదెవరు?

ప్రశ్న: గ్రహశకలం గుద్దుకుని లోకం నాశనమయ్యాక, కొండ కింది బంకర్‌లో మిగిలిన అమెరికా సైనికుల మీద సైన్స్ ఫిక్షన్ కథ రాస్తున్నాను. ‘ప్రళయం నుంచి ఒక ప్లటూన్ బతికి బయటపడ్డారు’ అని మొదలుపెట్టాను. ప్రళయమంటేనే సర్వనాశనం, ఇంక మిగిలేదెవరని మిత్రుడొకరు పట్టుకున్నారు. సైనికుల్ని ‘హతశేషులు’ అనమంటున్నారు. ఏది సరైనది?

జవాబు: మొదటి అభ్యంతరం నిలవదు. పురాణాలు ప్రళయాన్ని నిత్యం, నైమిత్తికం, ప్రాకృతికం, ఆత్యంతికం అని నాలుగు రకాలుగా చెప్పాయి. బ్రహ్మకు పగలు ముగిసినప్పుడు వచ్చే నైమిత్తికంలోనే కదా, సత్యవ్రతుడు సప్తర్షులతో, విత్తనాలతో ఓడెక్కి, దాన్ని చేప కొమ్ముకు కట్టి గట్టెక్కింది! పోతన భాగవతం అష్టమ స్కంధం తిరగేయండి. ఆలోచిస్తే మీ బంకర్ కథకు మూలపురుషుడు ఆయనే.

అయితే ఆ మాట కథ చెప్పే మీకు నప్పుతుంది కానీ మీ సార్జెంట్‌కి నప్పదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినదాన్ని జనం ఇప్పటికీ ‘ఉప్పెన’ అనే అంటారు. కళ్లారా చూసినవాళ్లు తమ మీద ఏం వచ్చిపడిందో దాని పేరే చెబుతారు. సార్జెంట్ ‘ప్రళయం సంభవించింది’ అంటే పురాణ ప్రవచనం విన్నట్టుంటుంది. ‘ఆ రాయి పడ్డాక’ అనిపించండి, చాలు.

ఇక హతశేషులు. చంపగా మిగిలినవారని అర్థం. పద్దెనిమిది రోజుల యుద్ధం తర్వాత కౌరవపక్షాన మిగిలిన అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ అచ్చమైన హతశేషులు. అక్కడ చంపినవాడొకడున్నాడు, మిగిలినవాళ్ల గుండెల్లో పగ ఉంది. సౌప్తిక పర్వమంతా ఆ పగే. గ్రహశకలం మీద ఎవరు పగబడతారు? మీది అణుయుద్ధం కథైతే నేనూ ఆ మాటకే ఓటేసేవాణ్ని.

మీ మిత్రుడు వదిలేసిన తప్పు ఒకటుంది. ‘ప్లటూన్ బయటపడ్డారు’ అన్వయం కుదరదు. దండు, పటాలం, సైన్యం లాగే ప్లటూన్ కూడా ‘కదిలింది, మిగిలింది’ అనే క్రియనే కోరుతుంది. పైగా బంకర్ తలుపులు ఇంకా తెరుచుకోనేలేదు కదా, బయటపడ్డారని అప్పుడే ఎలా అంటాం?

అన్నట్టు, తెలుగు చేద్దామన్న ఉత్సాహంలో బంకర్‌ని ‘నేలమాళిగ’ చేయకండి. కొలరాడోలోని షయాన్ పర్వతం లోపల 1960ల్లో కట్టిన సైనిక స్థావరంలో భవనాలు భారీ స్ప్రింగుల మీద నిలబడి ఉంటాయి. తలుపు ఒక్కోటి పాతిక టన్నులదాకా తూగుతుంది. నేలమాళిగ అంటే పాఠకుడికి పాత కోటలూ లంకెబిందెలూ గుర్తొస్తాయి.

మీ మొదటి వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘ప్రళయం ముగిసేసరికి కొండ కింద ఒక ప్లటూన్ మిగిలింది.’