మూడు మెలోట్రాన్ల బ్యాండ్‌లో డ్రమ్మర్‌ని వినండి

క్రితం సంచికలో ఎవరికో జవాబిస్తూ స్ప్రింగ్ అనే బ్రిటిష్ ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్ పేరు ఒక్క ముక్క అని వదిలేశాను. వచ్చిన ఉత్తరాల్లో సగం దాని గురించే. సరే, ఈసారి శీర్షిక మొత్తం వాళ్ళకే.

ప్ర: యెస్, జెనెసిస్, కింగ్ క్రిమ్సన్ లాంటి ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్లన్నీ విని విని అరగదీశాను. ఈ స్ప్రింగ్ ఎవరండీ? పేరు కొడితే ఏవేవో వస్తున్నాయి తప్ప బ్యాండ్ దొరకట్లేదు.

జ: దొరకదు, ఆ పేరే వాళ్ళ మొదటి శత్రువు. ఇంగ్లండ్‌లోని లెస్టర్ కుర్రాళ్ళు, ఐదుగురు. 1971లో బ్యాండ్ పేరే పెట్టి ఒక ఆల్బమ్ తెచ్చారు. బ్యాండ్ బతికుండగా వచ్చింది అదొక్కటే. వెతికేటప్పుడు పక్కన గాయకుడు ప్యాట్ మోరన్ పేరు కూడా కొట్టండి, వస్తుంది. అట్ట మూడు మడతలుగా విప్పుకుంటుంది, దాని మీద ఎర్ర కోటు సైనికుడు ఒకడు చచ్చి పడి ఉంటాడు. ఆ ఫొటో తీసిన కీఫ్ అనే ఆయనే బ్లాక్ సబ్బత్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ అట్ట కూడా చేశాడు, చూడగానే ఆ పోలిక తెలుస్తుంది.

రికార్డింగ్ వేల్స్‌లో, మన్‌మత్ దగ్గర పాడి పశువుల ఫారంలో వార్డ్ అన్నదమ్ములు పెట్టిన రాక్‌ఫీల్డ్ స్టూడియోలో జరిగింది. నిర్మాత గస్ డడ్జన్. డేవిడ్ బోవీ 'స్పేస్ ఆడిటీ' చేసింది ఈయనే, అందులోనూ మెలోట్రాన్ (టేపులతో పనిచేసే కీబోర్డు వాద్యం) ఉంది, కాబట్టి ఆ పెట్టెతో ఎలా వేగాలో ఈయనకి ముందే తెలుసు.

ప్ర: ముగ్గురు మెలోట్రాన్ వాయిస్తారని చదివాను. నిజంగా మూడూ ఒకేసారి వినిపిస్తాయా, లేక ప్రచారమా?

జ: కొంచెం ప్రచారమే. మోరన్, గిటారిస్ట్ రే మార్టినెజ్, కీబోర్డ్ వాయించే కిప్స్ బ్రౌన్, ముగ్గురి పేర్ల పక్కనా మెలోట్రాన్ అని ఉన్న మాట నిజం. కానీ నా చెవికి ఆల్బమ్‌లో ఎక్కువ భాగం ఒకటో రెండో వినిపిస్తాయి, అవీ వెనకనుంచి పొగమంచులా కమ్ముకుంటూ వస్తాయి తప్ప ముగ్గురూ పోటీపడి హోరెత్తించడం ఉండదు.

అసలు ఆ వాద్యం స్వభావమే అంత. బర్మింగ్‌హామ్‌లో తయారయ్యేది. అప్పట్లో వచ్చిన ఎం400 మోడల్ తీసుకోండి: 35 మెట్లు, ప్రతి మెట్టు కింద ఒక టేపు ముక్క, దాని మీద ముందే రికార్డు చేసిన వయొలిన్ల శబ్దమో ఫ్లూటు శబ్దమో. మెట్టు నొక్కితే ఆ టేపు దాన్ని చదివే హెడ్ మీదుగా కదులుతుంది, మహా అయితే 8 సెకన్లు, అంతే, టేపు అయిపోతుంది, శబ్దం ఆగిపోతుంది. వేలు తీస్తే స్ప్రింగ్ లాగి మళ్ళీ మొదటికి తెస్తుంది (అవును, స్ప్రింగే, బ్యాండ్ వాళ్ళు ఈ జోకు ఎన్నిసార్లు విని ఉంటారో పాపం). పొడుగాటి స్వరం కావాలంటే ఒక వేలు తీస్తూ ఇంకో వేలు వేస్తూ నెట్టుకురావాలి. టేపు వేగం కూడా స్థిరంగా ఉండదు కాబట్టి శ్రుతి సన్నగా వణుకుతుంది. చలి పుట్టించే ఆ వణుకు కోసమే మనలాంటి వాళ్ళం ఇలా పిచ్చెక్కి తిరుగుతున్నాం.

ఇంతకీ నా గోల వేరే. ఈ ఆల్బమ్ పేరెత్తితే అందరూ మెలోట్రాన్లు లెక్కపెడతారు, వెనక డ్రమ్ముల దగ్గర కూర్చున్న మనిషిని ఎవరూ పట్టించుకోరు. ఆయన పిక్ విదర్స్. ఏడేళ్ళ తర్వాత 1978లో డైర్ స్ట్రెయిట్స్ బ్యాండ్ మొదటి ఆల్బమ్‌లో, 'సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్' మీద ఆ తేలిక చేతి డ్రమ్ములు ఆయనవే. 'షిప్‌రెక్డ్ సోల్జర్' పెట్టుకుని మెలోట్రాన్‌ని కాసేపు మర్చిపోండి, స్నేర్ డ్రమ్ము మీద సైనిక కవాతు ఎలా నడిపిస్తున్నాడో వినండి, ఎక్కడా దంచడు, అయినా పాట మొత్తం ఆయన చేతి మీదే నిలబడుతుంది, ఆయన లేకపోతే ఆ పొగమంచు అంతా అలా గాల్లో వేలాడుతూ ఉండిపోయేది.

ప్ర: మీరు చెప్పారని విన్నాను. బాగానే ఉంది కానీ, అన్ని పాటలూ ఒకేలా ఉన్నాయి. అంత గొప్పదైతే అప్పట్లో ఎందుకు ఆడలేదు?

జ: గొప్పది అన్నానా? మంచిది అన్నాను. మీ ఫిర్యాదు న్యాయమే, 8 పాటల్లో చాలా వరకు ఒకే నడక, సైనికులూ పడవలూ దీవులూ తప్ప ఇంకో ఊసు లేదు, 'బోట్స్' అయితే మొదలైందో లేదో అయిపోతుంది. కానీ ఆడకపోవడానికి ఇవి కారణాలు కావు. వీళ్ళ రికార్డు వేసింది నియాన్ అని, ఆర్సీఏ కంపెనీ కొత్త రకం సంగీతం కోసం అప్పుడే తెరిచిన చిన్న లేబుల్, 11 ఆల్బమ్‌లు వేసి మూతపడింది. పైగా 1971 ఏ ఏడాదని! 'ఆక్వాలంగ్', 'టార్కస్', 'ఫ్రాజైల్', 'నర్సరీ క్రైమ్' లాంటి పెద్ద ఆల్బమ్‌లన్నీ ఆ ఒక్క ఏడాదే వచ్చాయి. ఆ తోపులాటలో కొత్తవాళ్ళ మధ్యస్తం పాట ఎవరి చెవిన పడుతుంది?

మోరన్ మాత్రం రాక్‌ఫీల్డ్‌ని వదల్లేదు, అక్కడే ఇంజనీర్ అయ్యాడు. రష్ బ్యాండ్ 'ఎ ఫేర్‌వెల్ టు కింగ్స్' రికార్డు చేసుకోవడానికి అక్కడికి వచ్చినప్పుడు ఇంజనీరింగ్‌లో ఆయన చెయ్యి ఉంది.

ప్ర: ఒక్క పాట చెప్పండి చాలు, నచ్చితే మిగతావి నేనే చూసుకుంటా.

జ: మొదటి పాట 'ద ప్రిజనర్'. హెడ్‌ఫోన్స్‌తో. అది నచ్చకపోతే ఇక వదిలెయ్యండి. నచ్చితే 'గ్రెయిల్', చివరి 'గేజింగ్'. పియానోతో పాడిన 'సాంగ్ టు ఆబ్సెంట్ ఫ్రెండ్స్' మాత్రం విడిగా వినకండి, ఆ వరసలో వచ్చినప్పుడే దాని విలువ. తర్వాత వచ్చిన సీడీలో చివర మూడు పాటలు అదనంగా ఉంటాయి, 'గేజింగ్' అయ్యాక ఆపేసి వాటిని ఇంకో రోజుకి ఉంచుకోండి.