టెక్ సందేహాలు: ఒంట్లో ఉన్న పరికరానికి సపోర్ట్ ఆపేస్తే?

ప్రశ్న: మా పాపకు ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం చెవి లోపల అమర్చే పరికరం) వేయించాం. చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ పాత మోడల్ అట, ఇక స్పేర్లు రావట. మళ్లీ ఆపరేషన్ చేయించాలా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: కంగారు పడకండి. లోపలి ఇంప్లాంట్ బాగుంటే సాధారణంగా బయటి ప్రాసెసర్ మారిస్తే సరిపోతుంది. అది అదే కంపెనీది అయ్యుండాలి. ఆపరేషన్ అప్పుడు ఇచ్చిన కార్డులో చూసి, ఇంప్లాంట్ మోడల్, సీరియల్ నంబర్ రాసి, దానికి ఏ ప్రాసెసర్ పనిచేస్తుందో కంపెనీకి మెయిల్ పెట్టండి. నోటిమాట నమ్మొద్దు.

మీ భయం మాత్రం ఉత్తిది కాదు. అమెరికాలో సెకండ్ సైట్ అనే కంపెనీ ఆర్గస్ 2 అనే బయోనిక్ కన్ను చేసింది. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బుతో చూపు పోయినవారి రెటీనా (కంటి వెనక పొర) మీద 60 ఎలక్ట్రోడ్లు అమర్చేవారు. కళ్లజోడులోని కెమెరా పట్టిన దృశ్యం నడుముకు తగిలించుకున్న చిన్న పెట్టెలో సిగ్నళ్లుగా మారి కంటికి చేరేది. కనిపించేవి వెలుగు మచ్చలే. ఏళ్ల తరబడి చీకట్లో ఉన్నవారికి అదే పెద్ద ఊరట. 2013లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది, 350 మందికి పైగా పెట్టించుకున్నారు. 2019లో కంపెనీ దాని తయారీ ఆపేసింది. మరుసటి ఏడాది దివాలా అంచుకు వెళ్లి, ఉద్యోగుల్లో ఎక్కువమందిని పంపేసింది. ఆ పెట్టె పాడైతే బాగుచేసే దిక్కు లేదు. ఒక రోగికి డాక్టర్లు మెదడు ఎంఆర్‌ఐ రాసి, ఆ పరికరంతో తీయొచ్చా అని అడగబోతే కంపెనీలో పలికేవారే లేరు. చివరికి సీటీ స్కాన్‌తో సరిపెట్టారు.

ఇది వ్యాపార నష్టం కాదు, రోగికి చేసిన అన్యాయం. కంపెనీ మూతపడితే డిజైన్లు, సాఫ్ట్‌వేర్ ఆసుపత్రులకు అప్పగించాలన్న షరతు అనుమతి పత్రంలోనే ఉండాలి.

ప్రశ్న: బయోనిక్ చేతుల పరిశోధనకు సైన్యం డబ్బు పెట్టడం తప్పు కాదా?

జవాబు: చేయి పోయినవారికి చేయి ఇవ్వడం తప్పెలా అవుతుంది? అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 2006లో మొదలుపెట్టిన పథకం నుంచే డెకా కంపెనీ బయోనిక్ చేయి వచ్చింది, 2014లో ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. మామూలు పౌరులకూ అది పనికొస్తుంది. నాకు అభ్యంతరం ఉన్నది ఆరోగ్యంగా ఉన్న సైనికుడి సామర్థ్యం పెంచడానికి ఒంట్లో చిప్ పెట్టడం మీదే. పైఅధికారి అడిగితే కాదనగలడా? ఫ్రాన్స్ రక్షణ శాఖ నైతిక కమిటీ 2020 డిసెంబర్‌లో ఇలాంటి పరిశోధనకు సరేనంది గానీ, సైనికుడి స్వేచ్ఛా సంకల్పాన్ని దెబ్బతీసేవి, తిరిగి మామూలు జీవితంలోకి రానివ్వనివి వద్దంది. ఆ రెండో షరతు నాకు మరీ ముఖ్యమనిపిస్తుంది. రిటైరయ్యాక ఆ చిప్‌కు సర్వీసు ఎవరు చేస్తారో, తీసేయమంటే ఖర్చు ఎవరు పెడతారో ముందే రాసివ్వని ఏ సైన్యానికీ దాన్ని పెట్టే హక్కు లేదు.