కీమో నడుస్తుండగా మనలాంటి మనిషిని హైదరాబాద్‌లో ఎక్కడ వెతుక్కోవాలి?

ప్రశ్న అడిగినాయన చెప్పింది క్లుప్తంగా ఇది: వయసు 38, ఉండేది కూకట్‌పల్లి. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, ఫోల్‌ఫాక్స్ కీమో రెండో సైకిల్ నడుస్తోంది. భార్య, ఇంట్లోవాళ్ళు బాగానే చూసుకుంటున్నారు. అయినా ఈ బాధ పడ్డ మనిషితో ఒక్కసారి మాట్లాడాలని ఉంది. చూసిన గ్రూపులన్నీ రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ళవే, తెలుగులో మాట్లాడే మగవాళ్ళు ఎక్కడ దొరుకుతారు?

నాకొచ్చింది రెక్టమ్ క్యాన్సర్, అంటే పెద్దపేగు చివరి భాగంలో. రేడియేషన్, ఆపరేషన్, కొన్నాళ్ళు మలం పోవడానికి పొట్ట మీద బ్యాగు, ఆ తర్వాత మీకిస్తున్న కీమోనే. ఇప్పుడు చెకప్‌లకి మాత్రమే వెళుతున్నాను.

గ్రూపు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక్క మనిషిని పట్టుకోండి. మీకిస్తున్న మందే ఎక్కించుకుంటూ, మీకంటే మూడు నాలుగు నెలలు ముందున్న మనిషి. జబ్బు నయమై పదేళ్ళయినవాళ్ళు వేదికల మీద బాగా మాట్లాడతారు, విన్నప్పుడు ధైర్యం కూడా వస్తుంది, కాదనను. కానీ రాత్రి పదింటికి వేళ్ళు తిమ్మిరెక్కితే "ఇది మామూలేనా?" అని అడగాల్సింది వాళ్ళని కాదు. వాళ్ళకి చాలా వరకు మరుపొచ్చేసి ఉంటుంది, అది వాళ్ళ అదృష్టం. వేరే క్యాన్సర్ వాళ్ళ అనుభవం కూడా కొంతవరకే పనికొస్తుంది. జుట్టు ఊడితే ఏం చెయ్యాలో వాళ్ళు చక్కగా చెబుతారు. మన మందుకి చాలామందికి జుట్టు పల్చబడుతుంది కానీ మొత్తం పోదు. మన గొడవంతా చలితో.

ఆ చలి సంగతే తీసుకోండి. కీమోకి ముందు ఆసుపత్రివాళ్ళు ఒక కాగితం ఇస్తారు, "చల్లటి వస్తువులు తాకవద్దు, తినవద్దు" అని ఉంటుంది. అది చదివితే ఎవరికైనా ఐస్‌క్రీమే గుర్తొస్తుంది. అసలు సంగతి నాకు చెప్పింది కీమో ఎక్కించే డే కేర్‌లో పక్క కుర్చీలో ఉన్న సిద్దిపేట అన్న. "అన్నా, ఫ్రిజ్‌ల చెయ్యి పెట్టకు. పాల ప్యాకెట్ తీద్దామని పెట్టిన, కరెంటు కొట్టినట్టే అయింది. పొద్దుగాల స్టీలు బకెట్ పట్టుకోకు, గేటు గడియ గూడ ముట్టుకోకు. చేతులకు సాక్సులు తొడుక్కో, ఎవడన్న నవ్వితే నవ్వనీ." ఇదంతా ఫోల్‌ఫాక్స్‌లో ఉండే ఆక్సాలిప్లాటిన్ అనే మందు మహత్యం. నరాలు చలికి ఊరికే ఉలిక్కిపడతాయి. చల్లటి నీళ్ళు తాగితే గొంతు బిగుసుకుపోయి ఊపిరాడనట్టే అనిపిస్తుంది. వెచ్చగా ఉండి, గోరువెచ్చని నీళ్ళు గుటకేస్తే సర్దుకుంటుంది. కీమో ఎక్కుతుండగానే అలా అనిపిస్తే మాత్రం ఆలోచించకుండా నర్సుని పిలవాలి, అది అలర్జీ కూడా కావచ్చు.

సిద్దిపేట అన్న చెప్పిన ఇంకో మాట నాకు సాక్సుల కంటే ఎక్కువ ఉపయోగపడింది. తిమ్మిరి రెండు సైకిళ్ళ మధ్య తగ్గకుండా నిలిచిపోతుంటే, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంటే, డాక్టరుకి తప్పకుండా చెప్పమన్నాడు. "మోతాదు తగ్గిస్తరు, లేకుంటే ఆ ఒక్క మందు ఆపుతరు. ఓర్చుకుంటే మెడల్ ఎవరియ్యరు." డాక్టరు దగ్గర మనకి దొరికే అయిదు నిమిషాల్లో ఏం అడగాలో ముందే తెలిసుండటం, అదీ మనలాంటి మనిషి వల్ల కలిగే అసలు లాభం.

ఇక ఎక్కడ దొరుకుతారన్నది. మందు ఎక్కే రోజు మాటలకి పెద్దగా పనికిరాదు. వాంతులు, అలర్జీ రాకుండా ముందు ఇచ్చే ఇంజెక్షన్లతో సగం మంది మత్తుగా ఉంటారు, మిగతావాళ్ళకి విసుగ్గా ఉంటుంది. అసలైన రోజు పంపు తీయించుకునే రోజు. ఫోల్‌ఫాక్స్‌లో చివరి మందు చిన్న పంపుతో 46 గంటల పాటు ఎక్కుతుంది కదా, దాన్ని నడుముకి కట్టుకునో, మెడలో సంచీలో వేలాడదీసుకునో ఇంటికెళ్ళి మూడో రోజు వస్తాం. ఆ రోజు వరసలో కూర్చున్నవాళ్ళలో సంచీ ఉన్నవాళ్ళు చాలామంది మనవాళ్ళే. ఎవరినీ ఏ జబ్బని అడగక్కర్లేదు. "ఎన్నోది?" అంటే చాలు, ఎనిమిదోదనో పదోదనో చెబుతారు, మీరు వెతుకుతున్న మనిషి దొరికినట్టే. మామూలుగా ఇది రెండు వారాలకోసారి, చాలామందికి ఆరు నెలల్లో 12 సైకిళ్ళు. కాబట్టి మీ వారంలో పడేవాళ్ళు మళ్ళీ మళ్ళీ కనిపిస్తారు.

ఇంకో దారి డే కేర్ సిస్టర్లు. వాళ్ళకి అందరూ తెలుసు, కానీ ఒకరి నంబరు ఇంకొకరికి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. అందుకని నంబరు అడక్కండి, మీదే ఇవ్వండి. ఒక చీటీ మీద పేరు, ఫోన్ నంబరు, "ఫోల్‌ఫాక్స్, 38 ఏళ్ళు, సాయంత్రం ఆరు తర్వాత మాట్లాడగలను" అని రాసి, "ఇదే కీమో సగం దాటినవాళ్ళు ఎవరైనా ఉంటే ఇవ్వండి సిస్టర్, వాళ్ళకి ఇష్టమైతేనే చేస్తారు" అనండి. నాకు రెండు ఫోన్లు వచ్చింది అలాగే. ఆరోగ్యశ్రీ మీద వైద్యం అయితే ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో కూడా ఇలాగే చీటీ ఇవ్వొచ్చు. ఆ కౌంటర్ ముందు నిలబడే జనం నుంచి కాగితాల సంగతులు ఉచితంగా తెలుస్తాయి. తెలంగాణలో పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకి పెరిగిందని నాకు తెలిసింది ఆ వరసలోనే.

గ్రూపులన్నీ ఆడవాళ్ళవే అన్నారు. చాలావరకు నిజమే, దానికో చరిత్ర ఉంది. 1952లో న్యూయార్క్‌లో టెరీజ్ లాసర్ అనే ఆవిడకి రొమ్ము ఆపరేషన్ అయింది. చెయ్యి ఎలా కదపాలి, బట్టలు ఎలా వేసుకోవాలి అన్న ప్రశ్నలకి ఎవరూ జవాబు చెప్పలేదు. ఆవిడ తానే నేర్చుకుని, ఆపరేషన్ అయినవాళ్ళ మంచాల దగ్గరికి వెళ్ళి చెప్పడం మొదలుపెట్టింది. కొందరు సర్జన్లకి అది నచ్చలేదు కూడా. 'రీచ్ టు రికవరీ' అలా పుట్టింది, తర్వాత దేశదేశాలకి పాకింది. మన ఊళ్ళో చూసినా, సర్జన్ రఘురామ్ గారు తల్లి పేరిట 2007లో పెట్టిన ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ అందరికీ తెలుసు. పేగు క్యాన్సర్‌కి అంత పేరున్నది మన దగ్గర నాకు కనపడలేదు. మలం గురించి, బ్యాగు గురించి నలుగురిలో మాట్లాడటానికి మనకి నోరు రాదు, అదీ కారణం.

మీకు బ్యాగు ఉందో లేదో రాయలేదు. ఉంటే, అది ఉన్న మనిషే కావాలి, వేరే ఎవరూ సరిపోరు. ముంబయి కేంద్రంగా ఆస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఉంది, బ్యాగు ఉన్నవాళ్ళ కోసమే పనిచేస్తుంది. ఇక్కడైతే మీ ఆసుపత్రిలో స్టోమా, అంటే పేగుని పొట్ట మీదికి తెచ్చి పెట్టిన రంధ్రం, దాన్ని చూసుకునే నర్సు ఉన్నారేమో కనుక్కోండి, ఆవిడకి మీ చీటీ ఇవ్వండి. నాకు చిన్నపేగు దగ్గర పెట్టిన తాత్కాలిక స్టోమా. మల్కాజ్‌గిరిలో ఉండే ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి వాళ్ళింటికి పిలిచి, టవల్ పరుచుకుని, తన బ్యాగు మార్చుకుంటూ చూపించారు. పొద్దున్నే, కాఫీ కూడా తాగకముందు మార్చాలి, అప్పుడు కారడం తక్కువ. బ్యాగుని చర్మానికి అంటించే ప్లేటుకి కత్తిరించే రంధ్రం స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లే పెద్దగా ఉండాలి, ఎక్కువైతే చర్మం మండిపోతుంది. మూడోవంతు నిండగానే ఖాళీ చెయ్యాలి, బరువెక్కితే ఊడొస్తుంది. పచ్చికొబ్బరి, మొక్కజొన్న గింజలు కొత్తలో వద్దు, అడ్డుపడతాయి. నీళ్ళగా ఎక్కువ పోతుంటే ఓఆర్ఎస్ తాగుతూ ఆసుపత్రికి ఫోన్ చెయ్యాలి. ఆసుపత్రిలో కూడా ఇవే చెప్పారు. కానీ డెబ్బై దాటిన పెద్దాయన ఒక పక్క మనవరాలిని బూట్లు వేసుకోమని కేకలేస్తూ, ఇంకో పక్క ఆ పని చేసుకోవడం కళ్ళారా చూశాక నాకు భయం పోయింది.

మాటలు ఆయుష్షు పెంచుతాయా అని మా బావమరిది అడిగాడు, మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. 1989లో స్టాన్‌ఫర్డ్ నుంచి డేవిడ్ స్పీగల్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. జబ్బు ఒళ్ళంతా పాకిన రొమ్ము క్యాన్సర్ రోగుల్లో, వారం వారం కూర్చుని మాట్లాడుకున్నవాళ్ళు ఎక్కువ కాలం బతికారని అందులో తేలింది. పెద్ద ఆశే పుట్టింది. 2001లో కెనడాలో 235 మంది మీద చేసిన అధ్యయనంలో మాత్రం ఆయుష్షు పెరగలేదు. స్పీగల్ బృందమే మళ్ళీ చేసి 2007లో ప్రచురించినదాంట్లోనూ మొత్తం మీద ఆ లాభం కనపడలేదు. అయితే కెనడా వాళ్ళకి ఇంకోటి తేలింది: మనసు బాగా కుంగి ఉన్నవాళ్ళకి దిగులు తగ్గింది, నొప్పి తక్కువ అనిపించింది. మొదటి నుంచీ పెద్ద దిగులు లేనివాళ్ళకి ఒరిగింది తక్కువ. కాబట్టి ఎవరితోనూ మాట్లాడాలనిపించని మనిషిని ఇంట్లోవాళ్ళు బలవంతంగా గ్రూపులో చేర్చడం నాకు నచ్చదు. మీరు అడుగుతున్నారు, మీకు అవసరం ఉంది.

వాట్సాప్ గ్రూపుల గురించి. రెండింటిలో ఉన్నాను, ఒకదాన్లోంచి బయటికొచ్చాను. పొద్దున గుడ్ మార్నింగ్, మధ్యాహ్నం లక్ష్మణ ఫలం ఆకుల కషాయం, రాత్రి "కీమో ఆపేసి ఇది వాడితే తగ్గింది" అని ఎవరిదో వీడియో. కషాయం తాగాలనుకుంటే డాక్టరుకి చెప్పి తాగండి. కీమో ఆపమనేవాడు ఎంత ఆప్తుడిలా మాట్లాడినా ఆ నంబరు బ్లాక్ చెయ్యండి. మంచి గ్రూపుని గుర్తుపట్టడం తేలికే: ఎవరికైనా జ్వరం వచ్చిందంటే చిట్కాలు రావు, "ఆసుపత్రికి ఫోన్ చేశావా?" అని పది మంది అడుగుతారు. కీమోలో ఉండగా జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరినా, దాటినా అది ఎమర్జెన్సీ, తెల్ల రక్తకణాల కౌంట్ పడిపోయి ఇన్‌ఫెక్షన్ వచ్చి ఉండొచ్చు, తెల్లారేదాకా ఆగకూడదు. మీ రిపోర్టులు మాత్రం గ్రూపులో పెట్టకండి. ఒకరి స్కాన్ ఇంకొకరి స్కాన్‌తో పోల్చుకుంటే మిగిలేది టెన్షనే.

ఒక కష్టమైన సంగతి కూడా చెప్పాలి. ఇలా పరిచయమైనవాళ్ళలో కొందరు పోతారు. సిద్దిపేట అన్న బాగున్నాడు, మొక్కజొన్న వేశానని ఫోన్ చేశాడు. ఇంకొకాయన లేరు. ఆయన ఫోన్ వాళ్ళబ్బాయి ఎత్తినప్పుడు ఏమనాలో తెలియలేదు. తర్వాత కొన్నాళ్ళు నేనెవరికీ ఫోన్ చెయ్యలేదు. అలా ఆగాలనిపిస్తే ఆగండి, ఎవరూ ఏమీ అనుకోరు, వాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు అలా ఆగినవాళ్ళే. నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా తోటి రోగి చాలడు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ ఆసుపత్రిలో కౌన్సిలర్ ఉంటే ఇంకా మంచిది. నొప్పి ఎక్కువగా ఉంటే పాలియేటివ్ కేర్, అంటే నొప్పీ బాధా తగ్గించే వైద్యం చేసే డాక్టరుని కలవండి. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తోంది. అది చివరి రోజులవాళ్ళకే అని మనలో ఒక అపోహ. వైద్యం నడుస్తుండగా కూడా వెళ్ళొచ్చు.

మీ ఆవిడ గురించి ఒక్క మాట. బాగా చూసుకుంటున్నారు అన్నారు, ఆవిడని ఎవరు చూసుకుంటున్నారు? డే కేర్ బయట కారిడార్‌లో కూర్చునే అటెండెంట్లకి వాళ్ళ లోకం వాళ్ళకుంటుంది. మా ఆవిడ అక్కడ కుదుర్చుకున్న స్నేహాలు నా స్నేహాల కంటే గట్టివి. నా గురించి వాళ్ళకి చెప్పిన ఫిర్యాదులు ఇప్పటికీ నాకు పూర్తిగా తెలియవు, తెలుసుకోవాలనీ లేదు. మీరు లోపలున్నంతసేపూ ఆవిడని మీ పక్కనే కూర్చోమనకండి.

మీ కీమో ఏ వారం పడుతోందో, బ్యాగు ఉందో లేదో కింద రాయండి. నాకు తెలిసినవాళ్ళలో ఇద్దరు ముగ్గురిని అడుగుతాను, వాళ్ళు సరేనంటే కలుపుతాను. ఫోన్ నంబరు మాత్రం ఇక్కడ అందరికీ కనిపించేలా పెట్టకండి, ముందుగా ఫోన్ చేసేది కషాయాలమ్మేవాళ్ళే.